పదిహేను చుక్కలు, ఎనిమిది వరకు

రెండేళ్ల కిందటి ధనుర్మాసంలో ఒక తెల్లవారుజామున అమ్మ వేసిన మెలికల ముగ్గు కలవలేదు. పదిహేను చుక్కలు, ఎనిమిది వరకు సందు చుక్క. నలభై ఏళ్లుగా కోవూరులో మా వాకిట్లో అలవోకగా వేసే ముగ్గే. ఆ రోజు ఒక మూల మూడు చుక్కలు గీతకు అందకుండా మిగిలిపోయాయి. అమ్మ ముగ్గుచిప్ప పట్టుకుని చాలాసేపు అలాగే వంగి నిలబడింది. తరువాత నీళ్లు చల్లి చెరిపేసింది. మంచులో చూపు ఆనలేదని అన్నది.

దగ్గరలోని డాక్టరు "వయసు కదమ్మా" అని బలానికి మాత్రలు రాసి పంపారు. ఆ మాట నమ్మి ఎనిమిది నెలలు పోగొట్టుకున్నాను. అది తలచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. ఎవరి పేరో గుర్తుకు రాకపోవడం వయసు కావచ్చు. చేతికి పట్టుబడిన ముగ్గు చెదిరిపోతే వయసు అనుకుని ఊరుకోకూడదు.

పెన్న దాటి నెల్లూరులో నరాల డాక్టరును కలిశాక అన్నీ వరుసగా జరిగాయి. ముందు బి12, థైరాయిడ్ రక్తపరీక్షలు. వాటి లోపం వల్ల కూడా మతిమరుపు వస్తుంది, దానికి మందు ఉంది. అమ్మకు రెండూ సరిగానే ఉన్నాయి. గడియారం గీసి పదకొండు గంటల పది నిమిషాలు చూపించమన్నారు. అమ్మ అంకెలన్నీ ఒక పక్కకే కుప్పపోసి, "సరిగ్గానే వేశానా అమ్మాయ్?" అని నన్ను అడిగింది.

ఎం.ఆర్.ఐ.లో కొత్త జ్ఞాపకాలను నిలిపే హిప్పోకాంపస్ అనే మెదడు భాగం కుంచించుకుపోయినట్టు తేలింది. అదొక్కటే చాలదని పెట్ స్కాన్‌కు చెన్నై పంపారు. చక్కెరను పోలిన ఎఫ్‌డీజీ అనే పదార్థాన్ని నరంలోకి ఎక్కిస్తారు. చురుకుగా పనిచేసే చోట మెదడు దాన్ని ఎక్కువగా పీల్చుకుంటుంది. అందులోని రేడియోధార్మిక ఫ్లోరిన్ 110 నిమిషాలకు సగం తరిగిపోతుంది కాబట్టి మనం ఆలస్యం చేస్తే అది ఆగదు. పరగడుపున అమ్మ మసక చీకటి గదిలో మాటా పలుకూ లేకుండా పడుకుంది. తరువాత తెర మీద చూస్తే మెదడు ముందు భాగమంతా ఎరుపు, పసుపు. వెనుక వైపు, రెండు పక్కలా నీలం, అంటే అక్కడ పని మందగించింది. "చోటును, ఆకారాన్ని పోల్చుకునే భాగం ఇది" అని డాక్టరు పెన్నుతో ఆ నీలం చుట్టూ చూపించారు. నాకు ఆ మూడు చుక్కలు గుర్తుకొచ్చాయి.

అమ్మకు వచ్చింది అల్జీమర్స్ జబ్బు. దానికి ఎవరి పేరు పెట్టారో ఆ డాక్టరు అలోయిస్ అల్జీమర్ 1906లో లోకానికి వివరించింది చనిపోయిన రోగి మెదడులో కనిపించిన మార్పులను. దాదాపు వందేళ్లకు, 2004లో, పిట్స్‌బర్గ్ కాంపౌండ్ బి అనే పదార్థంతో బతికున్నవారి మెదడులోనే ఈ జబ్బులో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రొటీన్ ముద్దలను చూపించగలిగారు. మతిమరుపు బయటపడటానికి 15, 20 ఏళ్ల ముందే అవి పేరుకోవడం మొదలవుతుందట. ఆ మాట విని వెనక్కు లెక్కపెట్టాను. అప్పుడు అమ్మకు యాభై. నా పెళ్లి. ఎవరికి ఏ చీర పెట్టాలో చీటీ చూడకుండా చెప్పింది, అరిసెల పాకం తనే దగ్గరుండి పట్టించింది. ఆ సందడిలోనే లోపల ఇది మొదలై ఉండవచ్చు.

మతిమరుపు ఉన్నవారందరూ స్కాన్‌కు పరుగెత్తాలని అనను. అమిలాయిడ్ కనిపించినా జబ్బు రానివారున్నారు. లెకనెమాబ్ వంటి కొత్త మందులు తొలిదశ వారికే, అవీ జబ్బును నెమ్మదింపజేస్తాయే కానీ పోగొట్టవు. అమ్మ వాడుతున్నది డోనెపెజిల్, లక్షణాలను కొంత తగ్గించే మాత్ర. అయినా సంగతి తెలియడం వల్ల, మతి నిలకడగా ఉండగానే అమ్మ తన చేత్తో బ్యాంకులో నామినీ పేరు రాసింది, పొలం దస్తావేజులు ఏ పెట్టెలో ఉన్నాయో చూపించింది. చేపల పులుసుకు చింతపండు ఎంతో, మామిడికాయ ముక్కలు ఎప్పుడు వేయాలో పక్కన కూర్చుని చెబితే నోటుపుస్తకంలో రాసుకున్నాను. "దించగానే తినకూడదు, మర్నాడు తినాలి" అన్న మాట రెండుసార్లు రాయించింది. రెండూ అలాగే ఉంచాను.

ఈ ధనుర్మాసంలో చుక్కలు నేను పెడుతున్నాను. ఐదు చుక్కల ముగ్గే. నిన్న సగంలో అమ్మ చెయ్యి ఆగింది. తరువాతి చుక్క పక్కన నేల మీద వేలు పెట్టాను. అమ్మ నా వేలు చుట్టూ పిండి జారవిడుస్తూ గీత కలిపింది.