నెలాఖరు అంటే ఏ నెల?

ఒడిశాలోని పర్లాకిమిడి బజారు దుకాణాలకు పద్దులు, బాకీలు చూసే ప్రోగ్రాములు రాసి ఇవ్వడం పన్నెండేళ్లుగా నా వృత్తి. మొన్న ఎరువుల దుకాణం నడిపే మా బాబాయి, "ఇక నీతో పని లేదురా, నోటితో చెబితే కంప్యూటరే రాసేస్తోంది" అని నవ్వుతూ ఫోను చూపించారు. ఆయన చెప్పింది ఒక్కటే వాక్యం: "నెలాఖరుకు బాకీ తీర్చనివాళ్లకు సరుకు ఆపాలి." నిమిషంలో ప్రోగ్రాము తయారైంది, నడిచింది కూడా.

మామూలు మాటతోనే ప్రోగ్రాము రాయాలన్న ఈ ఆశ పాతదే. అమెరికా కంప్యూటర్ శాస్త్రవేత్త గ్రేస్ హాపర్ ఫ్లో-మాటిక్ అనే ప్రోగ్రామింగ్ భాషతో చూపిన దారిలో 1959లో వ్యాపార లెక్కల భాష కోబాల్‌కు రూపం ఇచ్చినవారు, గణిత సూత్రాల బదులు ఇంగ్లీషు వాక్యాలు ఉంటే వ్యాపారం తెలిసినవారికే ప్రోగ్రాము బోధపడుతుందనుకున్నారు. 1974లో ఐబీఎంలో చాంబర్లిన్, బాయిస్ ప్రతిపాదించిన, కంప్యూటర్లో దాచిన సమాచారాన్ని అడిగి రాబట్టే సీక్వెల్ భాష కూడా ప్రోగ్రామర్లు కానివారిని దృష్టిలో పెట్టుకున్నదే. అది ఎస్‌క్యూఎల్‌గా మారి, చివరకు నాబోటివాళ్లకే అన్నం పెడుతోంది. అయితే అప్పటి యంత్రాలకు లేని శక్తి ఇప్పటివాటికి ఉంది, మామూలు మాట వాటికి నిజంగానే అందుతోంది. గిడుగు రామమూర్తి పాఠాలు చెప్పిన ఊరివాణ్ణి, వాడుక మాటంటే నాకు చులకన లేదు.

ఒకటో తారీఖున బాబాయి ప్రోగ్రాము సరుకు ఆపిన జాబితాలో మొదటి పేరు, ఏళ్ల తరబడి ధాన్యం అమ్మాకే డబ్బు కడుతున్న ఒక రైతుది. "ఆయన సంగతి వేరు, అదీ చెప్పాలా?" అన్నారు బాబాయి. అసలు నెలాఖరు అంటే ఏది? మా ఇళ్లలో మాసం అమావాస్యతో ముగుస్తుంది, ఒడియావారికి పున్నమితో ముగిసే మాసమూ, సంక్రాంతితో మొదలయ్యే నెలా ఉన్నాయి, బ్యాంకుది ఇంగ్లీషు నెల. సగం కట్టినవాడి మాటేమిటి, తండ్రి ఖాతాలో కొడుకు పట్టుకెళ్లిన బస్తా ఎవరి బాకీ అని నేను అడుగుతూ పోయాను. నా జీతంలో సగం ఇలా అడిగినందుకే వస్తుంది.

బాబాయి ఫోను పక్కన పెట్టి పాత ఖాతా పుస్తకం తీశారు. కొన్ని పేర్ల పక్కన పెన్సిలుతో చుక్కలు, అడ్డగీతలు ఉన్నాయి. ఒక్కో గుర్తుకూ అర్థం చెబుతూ పోయిన ఆయన, ఒక చుక్క దగ్గర ఆగి, "ఇది మా నాన్న పెట్టింది, ఎందుకో నాకూ తెలీదు" అన్నారు. ఆ ఖాతాకు మాత్రం ఇంతవరకూ సరుకు ఆపలేదట.