ధర్మసాగర్ నీళ్ల తొవ్వలో వెనక్కి: ఏటూరునాగారం చుట్టూ సైకిల్ మీద

హన్మకొండలో సైకిల్ తొక్కేటోళ్లు ఆదివారం పొద్దుగాల ఎక్కువగా పోయేది ధర్మసాగర్ చెరువు దిక్కే, నేను కూడా అంతే. ఆ కట్ట మీద నిలబడి నీళ్లు చూసినప్పుడల్లా ఒకటే ఆలోచన వచ్చేది, ఇవి గోదారి నీళ్లు కదా, ఏటూరునాగారం అవతల దేవాదుల దగ్గర మోటార్లు పెట్టి ఎత్తిపోస్తే పైపుల్లో భీంఘన్‌పూర్, పులుకుర్తి మీదుగా ఇంత దూరం వచ్చి మన నల్లాల్లో పడుతున్నయి, మరి అవి బయలుదేరే కాడికి సైకిల్ మీద పోయి చూడాలె కదా అని. మా బావమరిదికి చెప్తే వెంటనే సరే అన్నడు. ఫిబ్రవరి ఆఖర్లో, ఎండ ముదరకముందే బయలుదేరినం.

ములుగు రోడ్డు, అంటే 163 నంబర్ నేషనల్ హైవే, హన్మకొండ నుంచి ఏటూరునాగారం దాకా వంద కిలోమీటర్ల పైచిలుకు ఉంటది. ములుగు దాకా సగం అనుకోవచ్చు. ఈ రోడ్డు గురించి సైకిల్ వాళ్లకు ఉన్నదున్నట్టు చెప్పాలె. తారు బాగుంటది, కానీ గోదారి ఇసుక హైదరాబాద్ పోయేది చాలావరకు ఈ రోడ్డు మీదనే, లోడ్ లారీలు ఒకదాని వెనక ఒకటి ఎదురొస్తనే ఉంటయి, ఖాళీవి వెనక నుంచి హారన్ కొట్టుకుంట వస్తయి. లారీ పక్క నుంచి పోయినప్పుడు కొట్టే గాలికి హ్యాండిల్ గట్టిగ పట్టుకోవాలె, రోడ్డు అంచున రాలిన ఇసుక మీద సన్న టైర్లు జారుతయి, అందుకే నేను 32 ఎంఎం టైర్లు వేసుకుని పోయిన, మీరు కూడా 28కి తక్కువ వెయ్యకండి. వెనక లైటు పగలు కూడా వెలగాలె. చీకట్లో మాత్రం ఈ రోడ్డు వద్దే వద్దు.

గూడెప్పాడ్, ఆత్మకూరు, కటాక్షపూర్ చెరువు దాటినం. వానాకాలం ఈ చెరువు మత్తడి దుంకితే నీళ్లు హైవే మీదికే వస్తయి, అప్పుడు బండ్లన్నీ ఆగిపోతయి, మేము పోయినప్పుడు మాత్రం చెరువు ప్రశాంతంగ ఉంది, కొంగలు తప్ప ఇంకేం లేవు. ములుగుకు ముందు గట్టమ్మ తల్లి దగ్గర దిగి మొక్కినం, మేడారం పోయేటోళ్లు ముందు ఈ తల్లికి మొక్కి గానీ ముందుకు పోరు, డ్రైవర్లు లారీ ఆపి కొబ్బరికాయ కొట్టి మళ్లీ ఎక్కుతరు. జంగాలపల్లి క్రాస్ దగ్గర ఎడమకు పోతే రామప్ప. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది, దాని గురించి రాసినోళ్లు చాలామంది ఉన్నరు కాబట్టి నేను ముందుకు పోత. చల్వాయి దగ్గర లక్నవరం చెరువు బోర్డు చూసి కూడా ఆగలేదు.

పస్రా దాటినంక రోడ్డు మారిపోతది. పొలాలు అయిపోయి అడవి మొదలైతది, ఇది 1953లోనే అభయారణ్యంగా ప్రకటించిన అడవి. టేకు చెట్లు ఆకు రాల్చి ఉన్నయి, టైరు కింద ఎండాకు పడి చప్పుడు, మధ్యమధ్యల మోదుగుపూలు ఎర్రగ, ఇంకేం కావాలె. కాకపోతే నీడ తక్కువ, పదకొండు గంటలకల్లా ఎండ నెత్తిన పడుతది, రోడ్డు ఎక్కుడు దిగుడుగ ఉంటది గానీ పెద్ద గుట్టలేం లేవు, మామూలుగా తొక్కేటోళ్లు ఎవరైనా ఎక్కొచ్చు. తాడ్వాయి దగ్గర టీ తాగుతుంటే హోటల్ అక్క 2024 ఆగస్టు 31 సుడిగాలి ముచ్చట చెప్పింది, మేడారం పోయే దారిలో వేల చెట్లు వేర్లతో సహా ఒక్కసారే పడిపోయినయి, ఆ తర్వాత డిసెంబర్ 4 పొద్దున 5.3 తీవ్రతతో భూకంపం కూడా ఈ మేడారం దిక్కునుంచే వచ్చింది. "తల్లులే కాపాడిండ్రు, చెట్లు పడ్డ కాడ ఒక్క మనిషి లేకుండె" అన్నది ఆమె. పడిన చెట్లను కళ్లారా చూద్దామని మేడారం దిక్కు కొంచెం దూరం తొక్కినం, మొద్దులు ఇంకా అట్లనే ఉన్నయి, నడుమ నడుమ కొత్త చిగుర్లు వస్తున్నయి.

ఏటూరునాగారం చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఊరు చూడంగనే గోదారి ఒడ్డు ఊరని ఎవ్వరూ అనుకోరు, బస్టాండ్, గిరిజనుల అభివృద్ధి చూసే ఐటీడీఏ ఆఫీసు, ఎరువుల దుకాణాలు, ఫోన్ షాపులు, ఏ ఊరైనా గిట్లనే ఉంటది. లాడ్జిలో సైకిళ్లు రూంలోకే తీసుకపోనిచ్చిండ్రు, అది పెద్ద సాయం. సాయంత్రం రామన్నగూడెం దిక్కు తొక్కి కరకట్ట ఎక్కితే అప్పుడు కనిపించింది గోదారి, ఎంత వెడల్పో, కానీ సగం ఇసుక తిన్నెలే, నీళ్లు అవతలి ఒడ్డుకు ఒత్తుకుని పారుతున్నయి. వానాకాలం టీవీలో "రామన్నగూడెం దగ్గర నీటిమట్టం" అని చెప్తుంటరు కదా, ఆ ఘాట్ ఇదే. అక్కడ గేదెలు కడుగుతున్న పెద్దమనిషి ఒకాయన మమ్మల్ని చూసి "సైకిల్ మీదనే హన్మకొండ నుంచా బిడ్డా" అని రెండుసార్లు అడిగి, 2022 జులై వరద గురించి చెప్పిండు. ఆ ఏడు భద్రాచలం దగ్గర నీళ్లు 71 అడుగులు దాటినయి, ఇక్కడ కరకట్ట ఎక్కడ తెగుతదో అని ఊరంతా రాత్రిళ్లు కట్ట మీదనే కాపలా ఉన్నరంట. తన మోకాలు చూపించి "కట్ట అంచుకు ఇంతే ఉండె" అన్నడు. నేను కట్ట మీదనుంచి కిందికి చూసిన, ఆ రోజు నీళ్లు పారుతున్నది ఎంతో లోతుల, ఆయన చెప్పింది ఊహించుకోవడానికే కొంచెంసేపు పట్టింది.

అసలు రైడ్ తెల్లారి మొదలైంది, నన్నడిగితే మొత్తం ట్రిప్పులో ఇదే బెస్ట్ రోడ్డు. ఏటూరునాగారం నుంచి కన్నాయిగూడెం మీదుగా దేవాదుల, తుపాకులగూడెం దాకా. లారీలు తక్కువ, కుడి దిక్కు ఎక్కడో గోదారి, ఎడమ దిక్కు అడవి, మధ్యల కోయ గూడేలు, పిల్లలు పరిగెత్తుకుంట వచ్చి చేతులు ఊపుడు. లంక భూముల్లో అంతా మిరపతోటలే. ఒకచోట రోడ్డు పక్కనే కల్లంలో మిరపకాయలు ఆరబోసి ఉంటే దిగినం. ఆడోళ్లు ముక్కులకు కొంగులు కట్టుకుని వరుసగా కూర్చుని తాలు కాయలు ఏరుతున్నరు, రంగు పోయి తెల్లబడ్డవి ఒక కుప్ప, మంచివి ఒక కుప్ప, చేతులు ఆగకుండనే మాతో మాట్లాడుతున్నరు. నేను వంగి ఒక కాయ పట్టుకున్న, పొట్టిగ లావుగ టమాటలెక్క గుండ్రంగ ఉంది, "ఇది చపాటా, కారం ఉండది, రంగుకు కొంటరు, పచ్చళ్లకు" అన్నది ఒకామె, పక్క పట్టా మీద ఉన్న సన్నవి తేజ రకం. 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చిన వరంగల్ చపాటా ఇదే. అంతలో బావమరిదికి తుమ్ములు మొదలై ఆగలే, వాళ్లు నీళ్లు ఇచ్చి గాలికి ఎదురుగా నిలబడమన్నరు. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు ఎన్నోసార్లు పోయిన గానీ బస్తాలే చూసిన, బస్తాలోకి పోయేముందు ఒక్కో కాయ మనిషి చేతిలో నుంచి పోతదని ఇక్కడే చూసిన.

కన్నాయిగూడెం దాటినంక వెనక టైరులో తుమ్మ ముల్లు దిగింది. ట్యూబ్ మార్చుకున్నం గానీ చిన్న పంపుతో గాలి సరిపోదు, వెనక్కి వచ్చి పంచర్ షాపుకు పోతే ఆ పిలగాడు మా వాల్వ్ చూసి ఇది మా పైపుకు పట్టదన్నా అన్నడు. రోడ్ సైకిళ్లకు ఉండే సన్న ప్రెస్టా వాల్వ్ అది. జేబులో చిన్న ఇత్తడి అడాప్టర్ ఉండె, బిగించి ఇస్తే నిమిషంలో గాలి కొట్టి ఇచ్చిండు, పైసలు తీసుకోలే, ఆ అడాప్టర్ మాత్రం చేతిలో తిప్పితిప్పి చూసిండు. ఇటు వచ్చేటోళ్లు రెండు ట్యూబులు, ఈ అడాప్టర్ తప్పకుండ తెచ్చుకోండి, సైకిల్ షాపుల్లో చాలా తక్కువకే దొరుకుతది.

దేవాదుల ఎత్తిపోతల కాడ లోపలికి పోనియ్యరు, గేటు బయట నుంచే పైపులు చూసినం, మనిషి నిలబడి నడిచిపోయేంత పైపులు. ఇక్కడ ఎత్తిన నీళ్లు అన్ని గుట్టలు ఎక్కి మా ఊరికి వస్తున్నయి, మేము నిన్న దిగిన ప్రతి దిగుడు ఆ నీళ్లకు ఎక్కుడే కదా అని కాళ్లకు తెలిసింది. తుపాకులగూడెంలో సమ్మక్క బ్యారేజీ 59 గేట్లు, ఎండాకాలం కూడా దేవాదుల మోటార్లకు నీళ్లు అందాలని కట్టింది. గేట్లకు ఎగువన గోదారి నిండుగ, దిగువన ఇసుక, రెండూ ఒకే చోట నిలబడి చూడొచ్చు.

వాపస్ వచ్చి చల్లబడ్డంక ముల్లకట్ట బ్రిడ్జి దిక్కు పోయినం. ఈ బ్రిడ్జి లేనప్పుడు గోదారి అవతల వాజేడు పోవాలంటే పడవే, లేదంటే భద్రాచలం దాకా చుట్టు తిరగాలె. బ్రిడ్జి మీద పక్కగాలి బలంగ ఉంటది, ఆగి ఫొటోలు తీసుకునేటోళ్లు రెయిలింగ్ పక్కకు జరిగి తీసుకోండి. అవతల బొగత జలపాతం ఉంది, ఫిబ్రవరిలో సన్నటి ధారనే, దానికోసమే అయితే జులై నుంచి సెప్టెంబర్ మధ్యల రావాలె, కానీ అప్పుడు ఇక్కడి వాగుల్ని నమ్మొద్దు. 2023 జులైలో మన ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది, జంపన్నవాగు పొంగి కొండాయిలో మనుషులే కొట్టుకుపోయిండ్రు. వాగు మీద కాజ్‌వే మునిగి ఉంటే సైకిల్ భుజాన ఏసుకుని దాటుదామని ఎవ్వరూ ఆలోచన చెయ్యొద్దు, మోకాలి లోతు నీళ్లు కూడా కాళ్లు లాగేస్తయి.

ఇంక మిగిలింది మంగపేట రోడ్డు. తెల్లవారుజామునే పోతే బాగుంటది, కమలాపురంలో మూతపడ్డ బిల్ట్ ఫ్యాక్టరీ గోడ పొడుగునా పోతం, వెదురు, కర్రతో రేయాన్ గుజ్జు చేసే ఫ్యాక్టరీ, 2014లో ఆగిపోయింది, క్వార్టర్స్ మధ్యల చెట్లు మొలిచినయి. గేటు ఎదురుగా టీ కొట్టు ఒకటి నడుస్తనే ఉంది, కొట్టాయన మాతో మాట్లాడినంతసేపు ఆ షిఫ్టు సైరన్ గురించే చెప్పిండు. అక్కడినుంచి మంగపేట దాటి మల్లూరు గుట్ట మీద హేమాచల నరసింహస్వామిని చూసుకుని వెనక్కి తిరిగినం. ఇంటికి మాత్రం బస్సులోనే వచ్చినం, ఇసుక లారీల మధ్యల మళ్లీ వంద కిలోమీటర్లు తొక్కడంలో నాకు లాభం కనిపించలే, కండక్టర్ సైకిళ్లకు లగేజీ టికెట్ కొట్టిండు.

నా సలహా కూడా ఇదే, హైవే మీద బలమంతా ఖర్చు పెట్టకండి. ఏటూరునాగారం దాకా బస్సులో సైకిల్ ఏసుకుని వచ్చినా తప్పులేదు, అక్కడినుంచి పొద్దుగాల కన్నాయిగూడెం దిక్కు ఒకరోజు, మంగపేట దిక్కు ఒకరోజు తొక్కితే చాలు. ఇంకా ఓపిక ఉన్నోళ్లకు పెద్ద చుట్టు ఒకటి ఉంది, ముల్లకట్ట దాటి వాజేడు, వెంకటాపురం, చర్ల, దుమ్ముగూడెం మీదుగా అవతలి ఒడ్డెంట భద్రాచలం పోయి, అక్కడ బ్రిడ్జి దాటి మణుగూరు, మంగపేట మీదుగా ఇవతలి ఒడ్డెంట మళ్లీ ఏటూరునాగారం రావచ్చు. వచ్చే చలికాలం మేము ఆ చుట్టే అనుకుంటున్నం, నవంబర్ దాటంగనే, వరి కోతలు అయిపోయి రోడ్ల మీద వడ్లు తీసేసినంక. వస్తమన్నోళ్లు ఇప్పటినుంచే వారం వారం దూరం కొంచెం కొంచెం పెంచుకోండి.