పైకి చదవని నాటకం

అందరూ పడుకున్నారు. నాకు మాత్రం ఆ ఎర్రసిరా గీత కళ్లముందు నుంచి పోవడం లేదు. నాటక రచన పేపరు కోసం రాసిచ్చిన ఏకాంకిక ఈరోజు చేతికి వచ్చింది. అందులో జనగామ దగ్గరి పల్లెలో ఉండే అవ్వ, పట్నం పోతున్న మనవడితో "గట్లెట్ల పోతవు బిడ్డా, బువ్వన్న తినకపోతివి" అంటుంది. దిద్దిన సారు దానిని కొట్టివేసి, పైన "అలా ఎలా వెళ్తావు నాయనా, భోజనమైనా చేయలేదు" అని రాశారు. మార్కులు తగ్గినందుకు కాదు, ఆ మాటను ఎవరూ ఒక్కసారైనా పైకి చదవలేదన్నందుకే నా బాధ. చదివి ఉంటే, దిద్దిన వాక్యంలో అవ్వ లేదని, వార్తలు చదివే మనిషి ఉన్నదని చెవే చెప్పేది.

వేదం వేంకటరాయశాస్త్రి ఓరుగల్లు కథతో 1897లో తెచ్చిన ‘ప్రతాపరుద్రీయం’ మాకు పాఠ్యాంశమే. ఏ పాత్ర నోట ఆ పాత్రకు తగిన మాటే ఉండాలనే పాత్రోచిత భాష గురించి అక్కడ పేజీలకు పేజీలు రాసుకుంటాము. ‘క్రీడాభిరామం’ కూడా అంతే. మంచనశర్మ, టిట్టిభసెట్టి ఓరుగల్లు వీధులలో తిరుగుతూ పల్నాటి వీరుల కథ పాడే గొంతును వింటారు. మేము ఆ ఊళ్లోనే కూర్చొని, అది దశరూపకాలలో, అంటే పది రకాల నాటకాలలో, వీథి అనే రకమని ఒక్క వాక్యం రాసి ముందుకు పోతాము. ఇద్దరిని నిలబెట్టి ఆ పద్యాలు చదివించాలని ఎవరికీ తోచదు.

చిన్నప్పుడు అమ్మమ్మ ఊళ్లో చూసిన చిందు భాగవతం గుర్తుకు వస్తున్నది. ఇద్దరు మనుషులు తెర పట్టుకుంటే, దాని కింద గజ్జెల కాళ్లు మాత్రమే కనిపించేవి. దరువు సాగుతున్నకొద్దీ వచ్చేది ఎవరని జనమంతా మెడలు చాచేవారు. నేను పక్కకు జరిగి తెర వెనకకు తొంగిచూశాను. ముఖమంతా అర్దళం అనే పసుపు రంగు పూసుకున్న ఆ కళాకారుడు, ఊడిపోతున్న భుజకీర్తి తాడును పళ్లతో బిగించుకుంటూనే, కాళ్లతో తాళం తప్పకుండా ఆడుతున్నాడు. మధ్యాహ్నం మా వాకిట్లో మంచినీళ్లు అడిగిన మనిషే ఆయన. తెర దిగేసరికి ఆ మనిషి లేడు, రాజు ఉన్నాడు.

ఇంతవరకు రాసేసరికి నా ఆలోచన మారుతున్నది. పొద్దున ముఖం, ప్రతిముఖం, గర్భం, విమర్శ, నిర్వహణం అని నాటక కథ నడిచే ఐదు దశలను, పంచసంధులను, రాసుకుంటూ, నాటకం రాసేవారికి ఇవి దేనికని విసుక్కున్నాను. కానీ ఆ తెర చేసిన పని మొదటి దశ అయిన ముఖసంధిలో కథకు బీజం నాటడం కాక మరేమిటి? నాట్యశాస్త్రం 64 మూరల పొడవు, 32 మూరల వెడల్పు గల ప్రేక్షాగృహమే, అంటే నాటకశాలే, మేలని చెప్పి, అంతకు మించితే మాట స్పష్టంగా వినబడదని కారణం కూడా చెప్పింది. ఆ లక్షణాలు చెవి ఉన్నవారు రాసినవి. కనుక నాకు లక్షణాలతో తగవు లేదు; చూపుతో మాత్రమే దిద్దే పద్ధతి తోనే నా తగవు.

వచ్చే తరగతిలో, మార్కులు వేసే ముందు ప్రతి ఏకాంకికనూ పైకి చదివించమని అడుగుతాను. ఒప్పుకోకపోతే ఆదివారం మా వదినకు అవ్వ పాత్ర, తమ్ముడికి మనవడి పాత్ర ఇచ్చి ఇంట్లోనే చదివిస్తాను. వదిన గొంతులో ఏ మాట తడబడితే ఆ మాటను నేనే కొట్టివేస్తాను.