పళ్ల డాక్టరు అడిగిన ప్రశ్న

పన్ను నొప్పి అనుకునే వెళ్లాను. ఆవిడ చిన్న అద్దం పెట్టి చూసి, నాలుగైదు పళ్ల మీద తట్టి, "పన్నులో ఏమీ లేదండీ" అన్నారు. తర్వాత నా చెంపల మీద రెండేసి వేళ్లు ఆనించి దవడ బిగించమన్నారు, వదలమన్నారు. నేను వదిలాననే అనుకున్నాను. "ఇంకా వదలాలి" అన్నారు.

"మీరు పళ్లు కొరుకుతున్నారు. నిద్రలోనే కాదు, పగలు కూడా. ఏం పని చేస్తారు?"

పుస్తకాలకి పేజీలు పెడతాను, అట్టలు చేస్తాను, ఇంట్లోనే, సొంతంగా అని చెప్పాను. "అయితే పైన ఎవరూ లేరన్నమాట. ఇంక టెన్షన్ ఎందుకు?" అని అడిగారు. నోరు తెరిచి ఉండగా ఇలాంటి ప్రశ్నలు అడగడం డాక్టర్లకి అలవాటు.

ఉద్యోగం మానేసి అప్పటికి ఆరేళ్లు. పాత ఆఫీసులో మా పైఆయన నోరు మంచిది కాదు, కానీ ఆరున్నర కొట్టేసరికి బ్యాగు సర్దుకుని వెళ్లిపోయేవాడు. ఆయన వెళ్లాక మనమూ మనుషులమే. ఇప్పుడున్న బాసుకి వెళ్లడానికి ఇంకో ఇల్లు లేదు. నాతోనే పడుకుంటుంది, రెండింటికి లేపి, ఆ మెయిల్లో "తప్పకుండా" అని రాశావా, "చూస్తాను" అని రాశావా అని అడుగుతుంది.

డాక్టరుగారు రాత్రి పళ్లకి తొడుక్కోవడానికి ఒక గార్డు ఇచ్చారు. పగటికి మాత్రం ఒకే మాట చెప్పారు: పెదవులు కలిసి ఉండాలి, పళ్లు కలవకూడదు. నమిలేటప్పుడూ మింగేటప్పుడూ తప్ప పై పళ్లకి కింది పళ్లతో పని లేదట. మర్చిపోకుండా ఉండటానికి కంటికి కనపడేచోట ఒక చుక్క అంటించుకోమన్నారు. మానిటర్ అంచున ఎర్ర చుక్క పెట్టాను. దాని మీద చూపు పడి, పళ్లు బిగిసి ఉన్నాయని తెలిసినప్పుడల్లా, అప్పుడు ఏం చేస్తున్నానో ఒక కాగితం మీద రాయడం మొదలుపెట్టాను. ఇది ఆవిడ చెప్పింది కాదు, నా సొంత పైత్యం.

వారం తర్వాత కాగితం చూస్తే నేను అనుకున్నదేదీ అందులో లేదు. పని ఎక్కువై ఇలా అవుతున్నానని ఇంట్లో అందరికీ చెబుతూ వచ్చాను కదా. పేజీలు పెడుతున్నప్పుడు ఒక్కసారి కూడా పళ్లు కలవలేదు. మూడు వందల పేజీల పుస్తకం, పేజీకి రెండు మూడు ఫుట్‌నోట్లు, ఒకటి లాగితే ఇంకోటి జారేది. అయినా నోరు హాయిగా ఉంది. బిగిసిందంతా వేరేచోట: రేటు పంపి జవాబు కోసం చూస్తున్నప్పుడు. "చిన్న మార్పే అండీ" అని మెసేజ్ వచ్చినప్పుడు. బిల్లు పంపి, రోజుకి నాలుగుసార్లు బ్యాంకు యాప్ తెరిచినప్పుడు. ఇంకోటి ఉంది, రాయడానికి సిగ్గేసింది: ఆదివారం మధ్యాహ్నం ఏమీ చేయకుండా కూర్చున్నప్పుడు.

నన్ను నమిలేస్తోంది పని కాదు, ఎదురుచూపు. అది తెలిశాక సగం భారం దిగిందని రాస్తే బాగుంటుంది గానీ, దిగలేదు. ఎక్కడ చెయ్యి పెట్టాలో మాత్రం తెలిసింది.

మొదట చెయ్యి పెట్టింది డబ్బు మీద. ఇలాంటి విషయాల మీద రాసేవాళ్లు ఊపిరి పీల్చడంతో మొదలుపెడతారు. పీల్చండి, మంచిదే. కానీ వచ్చే నెల గడుస్తుందో లేదో తెలియని మనిషికి ఎంత గాలి పీల్చినా ఆ భయం పోదు. నేను ఇంకో ఖాతా తెరిచాను. వచ్చిందంతా అందులో పడుతుంది, ఒకటో తారీఖున అందులోంచి నాకు జీతం వస్తుంది, ప్రతి నెలా అంతే మొత్తం. బాగా వచ్చిన నెలలో కూడా పెంచను. ఆ ఖాతాలో నాలుగు నెలల ఖర్చు నిలవడానికి పద్నాలుగు నెలలు పట్టింది. కాగితం మీద "బ్యాంకు యాప్" అన్న మాట కనపడటం మానేసింది మాత్రం ఆ తర్వాతే.

"చిన్న మార్పే" గురించి రెండో పని. రెండుసార్లు దిద్దుబాట్లు రేటులోనే, మూడోసారి నుంచి విడిగా, సగం అడ్వాన్స్ వచ్చాకే మొదలు అని ముందే రాసి పంపుతున్నాను. ఆ మెయిల్ మొదటిసారి పంపిన రోజు చేతులు వణికాయి. ఒకరు వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు "సరే" అన్నారు, అంతే. ఒక్క "సరే" కోసం ఆరేళ్లు పళ్లు కొరుక్కున్నానా అనిపించింది.

ఇక రాత్రి రెండింటి సంగతి. బ్లూమా జైగార్నిక్ అనే సైకాలజిస్టు బెర్లిన్‌లో చేసి 1927లో ప్రచురించిన పరిశోధన ఒకటి ఉంది: పూర్తయిన పనులకంటే మధ్యలో ఆపించిన పనులే జనానికి ఎక్కువ గుర్తుంటాయని. తర్వాత మళ్లీ చేసి చూసినవాళ్లకి ప్రతిసారీ అలాగే రాలేదు. నా బుర్ర మాత్రం ఆవిడ చెప్పినట్టే నడుస్తుంది. నన్ను కదిలించింది 2018లో అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయం వాళ్లు వేసిన చిన్న అధ్యయనం. 57 మందిని పడుకునేముందు 5 నిమిషాలు రాయమన్నారు. కొందరు చేసేసిన పనులు, కొందరు చేయాల్సిన పనులు. చేయాల్సినవి రాసినవాళ్లకి సుమారు 9 నిమిషాలు ముందు నిద్ర పట్టింది. నేను ఉల్టా అనుకునేదాన్ని, రేపటి పని తల్చుకుంటే ఉన్న నిద్ర కూడా పోతుందని.

అందుకని సాయంత్రం ఆరున్నరకి ఒక కాగితం. అందులో పనులే కాదు, ఎదురుచూపులు కూడా రాస్తాను. నిన్నటిదాంట్లో ఒక వరుస ఇలా ఉంది: "అట్ట నమూనా పంపాను, జవాబు రావాలి. గురువారం 11కి ఒకసారి ఫోన్ చేయాలి. అప్పటిదాకా ఇది నాది కాదు." ఆఖరి మాట ప్రతిసారీ పూర్తిగా రాస్తాను, పొడి అక్షరాలతో సరిపెట్టను. రాసి కంప్యూటర్ ఆపేస్తాను. స్లీప్‌లో పెట్టడం కాదు, ఆపేయడమే.

25 నిమిషాల టైమర్ పద్ధతి కూడా చూశాను. ఫ్రాన్సెస్కో చిరిల్లో అనే ఇటలీ ఆయన చదువుకునే రోజుల్లో టమాటా ఆకారంలో ఉన్న వంటింటి టైమర్‌తో మొదలుపెట్టాడట. పరీక్షలకి చదివేవాళ్లకి బాగుంటుందేమో. పేజీలు కుదురుతున్న సమయంలో అది గంట కొడితే నాకు విసిరేయాలనిపిస్తుంది. మెయిళ్లకి మాత్రం వాడుతున్నాను. నడక, నీళ్లు, కాసేపు కిటికీలోంచి చూడటం, అవన్నీ మీకూ తెలిసినవే.

గంటల లెక్క ఒకటి చెప్పాలి. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్లకి, 35 నుంచి 40 గంటలు చేసేవాళ్లకంటే పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో చెప్పాయి. చదివి ఇంకో టెన్షన్ పెట్టుకుని నా గంటలు రాసుకున్నాను. బల్ల దగ్గర కూర్చున్నవి 58. నిజంగా పని చేసినవి 34. మిగతా 24 గంటలు, అంటే ఒక రోజు మొత్తం, పని చేస్తున్నట్టు నాకు నేనే కనపడటానికి కూర్చున్నాను. చూసేవాళ్లు ఇంకెవరూ లేరు.

జ్వరంతో కూడా అలాగే కూర్చున్నాను ఒకసారి. 113 నుంచి 128 దాకా పదహారు పేజీల ఫారం, అంటే ఒకే కాగితం మీద అచ్చయ్యే పేజీల కట్ట, రెండుసార్లు పెట్టేశాను. ప్రూఫులో దొరికింది కాబట్టి సరిపోయింది. ఇప్పుడు ఒళ్లు బాగోకపోతే "ఈ రోజు సెలవు" అని పని ఇచ్చినవాళ్లకి మెసేజ్ పెడతాను. నాలో నేను అనుకుంటే చెల్లదు, ఇంకొకరికి చెబితేనే అది సెలవు.

శుక్రవారం సాయంత్రం ఒక స్నేహితురాలితో ఇరవై నిమిషాలు ఫోన్. ఆవిడ ఇంట్లో ఆడియో ఎడిటింగ్ చేస్తుంది, తనకి తనే బాసు. ఇద్దరం పదేసి నిమిషాలు తిట్టుకుంటాం. సలహాలు ఇవ్వకూడదని ఒప్పందం.

ఇవన్నీ చేసినా ఎర్ర చుక్క ఇంకా అక్కడే ఉంది. పోయిన వారం రాత్రి 9:40కి ఫోన్ మోగింది. "చిన్న మార్పే అండీ, టైటిల్ రంగు." తెరవకుండా ఉండాల్సింది, తెరిచాను. దవడ బిగిసింది. "ఇప్పుడే చేస్తాను" అని టైప్ చేశాను, చెరిపాను, మళ్లీ టైప్ చేశాను, మళ్లీ చెరిపాను. లేచి వెళ్లి కాగితం మీద "టైటిల్ రంగు, రేపు 10కి. అప్పటిదాకా నాది కాదు" అని రాసి పడుకున్నాను. మంచి నిద్రేమీ పట్టలేదు.

పొద్దున్న చూస్తే 11:15కి ఇంకో మెసేజ్ ఉంది. "వద్దులెండి, పాతదే బాగుంది."