షెంజెన్‌లో పరీక్ష రోజు

మా అమ్మాయి సింగపూర్‌లో జూనియర్ కాలేజీ రెండో ఏడు. అక్కడ మన ఇంటర్ లాంటి ఎ లెవెల్స్‌లో చైనా స్టడీస్ అని ఒక సబ్జెక్టు ఉంది. 1978 తర్వాతి చైనా సమాజం, పాలన, విదేశీ సంబంధాలు ఇంగ్లీషులోనే చదువుకోవచ్చు. చైనీస్ రాని మా పిల్లలకు అది వరమే. "ఎన్ని ఎస్సేలు రాసినా అక్కడి మనుషులు కళ్లకు కట్టట్లేదు నాన్నా" అని అంటుంటే, 2024 జూన్ సెలవుల్లో ఇద్దరం దక్షిణ చైనాలోని షెంజెన్ నగరానికి బయల్దేరాం.

విదేశీ సంబంధాల పాఠం వీసా దగ్గరే మొదలైంది. సింగపూర్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు ఆ ఫిబ్రవరి నుంచే 30 రోజుల దాకా వీసా అక్కర్లేదు. మాది ఇండియన్ పాస్‌పోర్టు కాబట్టి తప్పలేదు. కోవిడ్‌తో ఆగి, గల్వాన్ గొడవ తర్వాత అలాగే ఉండిపోయిన ఇండియా-చైనా డైరెక్ట్ ఫ్లైట్లు అప్పటికింకా మొదలే కాలేదు. "ఇవన్నీ మా సిలబస్సే" అంది.

మొదటి రోజు లియన్‌హువాషాన్ కొండెక్కి, చైనాలో ఆర్థిక సంస్కరణలు తెచ్చిన నాయకుడు డెంగ్ జియావోపింగ్ కంచు విగ్రహం చూశాం. పెద్ద అంగ వేస్తూ నడుస్తున్నట్టుంటుంది. ఆయన 1978 నవంబరులో సింగపూర్ వెళ్లడం, 1980లో షెంజెన్ ప్రత్యేక ఆర్థిక మండలి కావడం అమ్మాయి గడగడా చెప్పింది. కింద కనుచూపు మేరా అద్దాల మేడలే.

నా మనసు మాత్రం ఆ మేడల మధ్య చిక్కుకుపోయిన పాత ఊళ్ల దగ్గరే ఆగింది. ఇళ్లు ఎంత దగ్గరగా ఉంటాయంటే ఈ కిటికీలోంచి ఆ కిటికీలోకి చెయ్యి అందించొచ్చు. వాటిని షేక్‌హ్యాండ్ బిల్డింగులనే అంటారట. పైన కేబుళ్లు, ఆరేసిన బట్టలు, మధ్యాహ్నం పూట కూడా లైట్లు. బతుకుతెరువుకు వచ్చినవాళ్లు ఎక్కువగా అద్దెకుండేది ఇక్కడే.

జూన్ 7న గావోకావో, అంటే వాళ్ల కాలేజీ ప్రవేశ పరీక్ష, మొదలైంది. ఒక స్కూలు గేటు ముందు తల్లులు ఎర్ర చీపావ్ గౌన్లలో నిలబడ్డారు. గెలుపు గురించిన ఒక సామెత ఆ గౌను పేరులోని మొదటి అక్షరంతోనే మొదలవుతుందట, అందుకని శుభం.

అక్కణ్ణుంచి పాత ఊళ్లోని చిన్న హోటల్‌కి వెళ్లాం. బియ్యపు నూడుల్స్ మీద ఉప్పులో ఊరిన ఎర్ర మిరప ముక్కలు వేసిచ్చింది ఒకావిడ. అచ్చం మా పండుమిరప పచ్చడే. గిన్నెలు కడుగుతూనే చేతులు తుడుచుకుని మాటిమాటికీ ఫోన్ చూస్తోంది. ఫోన్‌లో అనువాదం పెట్టుకుని మాట్లాడాం. ఊరు హునాన్ అనే వేరే రాష్ట్రంలో. కొడుకు ఆ పూట అక్కడే పరీక్ష రాస్తున్నాడు. పెంచింది వాళ్ల నానమ్మ.

ఇక్కడే ఎందుకు చదివించలేదని అడగబోయి అమ్మాయి ఆగిపోయింది. జవాబు తనకు తెలుసు. హుకౌ, అంటే కుటుంబ నమోదు, ఏ ఊళ్లో ఉంటే మామూలుగా ఆ రాష్ట్రంలోనే పిల్లలు ఆ పరీక్ష రాయాలి. 2020 జనాభా లెక్కల్లో 1.75 కోట్లు దాటిన షెంజెన్‌లో స్థానిక హుకౌ ఉన్నది సుమారు మూడో వంతు మందికే. ఇదంతా నోట్సులో ఉంది. నోట్సులో ఈవిడ లేదు.

పదకొండున్నరకు తెలుగు పేపర్ లాంటి వాళ్ల చైనీస్ పేపర్ అయిపోతుంది. మేం లేవలేదు. కాసేపటికి ఫోన్ మోగింది. ఆవిడ మూలకు తిరిగి, గోడకు నుదురు ఆనించి మాట్లాడింది. వచ్చి మాకు ఇంకో గరిటె మిరప వేసి, బొటనవేలు పైకెత్తి చూపింది. మా అమ్మాయి ఏడ్చేసింది.

రాత్రి గదిలో అడిగింది, "నాన్నా, నీ టెన్త్ పరీక్షలప్పుడు తాతయ్య, నానమ్మ ఎక్కడున్నారు?"

మాది పాలమూరు. "పుణె వైపు, కాలువ పనిలో" అన్నాను. ఏ కాలువో నేనెప్పుడూ వాళ్లను అడగలేదు.