ఉల్లి గొట్టాల లెక్క

మా బాపు పొలం వర్ధన్నపేట దిక్కు, చెరువు కింద. ఆ ఏడు చెరువులోకి నీళ్లు ఆలస్యంగా వచ్చాయి. నాట్లు ఆగస్టు సగానికి పడ్డాయి. వేసింది సాంబ మసూరి, మా దగ్గర అందరూ బీపీటీ అనే అంటారు. నెల తిరక్కముందే ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేశాడు. "బిడ్డా, మడిల ఉల్లిగడ్డ నాటినట్టున్నది. ఓసారి వచ్చి సూడరాదు."

పోయి చూస్తే మొక్క నడుమ మొగి ఆకు ఉండాల్సిన చోట తెల్లగా మెరిసే బోలు గొట్టాలు, అచ్చం ఉల్లికాడల్లా. వరికి పట్టే ఉల్లికోడు ఇది. ఒకటి లాగి చూశాను. కొనకు సన్నటి రంధ్రం, అందులో సగం బయటికి వచ్చి ఆగిన తెల్లటి పొర. పురుగు ఈగై ఎగిరిపోయాక మిగిలిన తొడుగు అది. బాపు అప్పటికే మందు డబ్బా తెచ్చి ఒడ్డు మీద పెట్టాడు.

"ఇప్పుడు కొట్టినా లాభం లేదు బాపూ. ఈగ ఎప్పుడో పోయింది. ఈ పిలక ఇగ ఎన్ను ఎయ్యదు."

"మరి ముందుగాల్నే ఎట్ల తెలుస్తది?"

తెలియదు, అదే బాధ. ఉల్లికోడు ఈగ దోమంత ఉంటుంది, రాత్రిపూట తిరుగుతుంది, ఆకుల మీద గుడ్లు పెడుతుంది. గుడ్డు పగిలి వచ్చిన పురుగు ఆకు తడి మీద జారుకుంటూ మొగిలోకి దిగుతుంది. అందుకే ముసురు పట్టిన రోజులంటే దానికి పండుగ. ముందు నాటిన పొలాల్లో పెరిగి పెరిగి, లేతగా ఉన్న ఆలస్యపు నాట్ల మీద పడుతుంది. చెరువు నిండేదాకా ఆగే మాలాంటి రైతులకే దెబ్బ ఎక్కువ.

నేను వ్యవసాయ డిప్లొమా అయ్యాక ఒక వానాకాలం వరంగల్ ములుగు రోడ్డులోని వ్యవసాయ పరిశోధన కేంద్రానికి లెక్కల పనికి పోయాను. అక్కడ ఒక మడి నాకు మొదట అర్థం కాలేదు. అందరూ తొందరగా నాటమని చెప్తుంటే దాన్ని కావాలనే ఆలస్యంగా నాటారు. పైగా ఉల్లికోడుకు ఇట్టే లొంగే టీఎన్1 రకాన్ని మధ్యమధ్యన వరుసలుగా పెట్టారు, ఈగను పిలిచి కూర్చోబెట్టినట్టు. పురుగు బాగా రావాలని నాటిన మడి అది. అంత పురుగులోనూ పరీక్షకు పెట్టిన రకాల్లో ఏ వరుస నిలబడుతుందో చూడాలి.

మా పని దుబ్బు విడదీసి మొత్తం పిలకలెన్ని, గొట్టాలెన్ని అని చెప్పడం. ఒక్కో వరుసకు ఇరవై దుబ్బులు. వరి ఆకు అంచులకు ముంజేతులు గీసుకుపోయి చెమట తగిలితే మండేవి. నాతో వచ్చిన అక్కలు నాకంటే రెండింతల వేగంగా చెప్పేవారు. వాళ్ల లెక్క ఎన్నడూ తప్పలేదు. ఒక వరుసలో ఇరవై దుబ్బులకూ సున్నా వచ్చింది. నమ్మలేక మళ్లీ మొదటి నుంచి చూశాను. సారు సంబురపడతాడనుకుంటే పుస్తకంలో రాసుకుని, "వచ్చే ఏడు మళ్ల చూద్దాం" అన్నాడు.

తట్టుకునే రకంలోకి పురుగు దిగినా లోపలే చస్తుంది, మందు అవసరం పడదు. మందు పడని పొలంలో ఒక చిన్న నల్ల కందిరీగ కూడా బతుకుతుంది. అది ఉల్లికోడు గుడ్లలోనే తన గుడ్డు పెట్టి ఆ సంతతిని చంపుతుంది. ఈ సాయం డబ్బాల్లో దొరకదు.

వరంగల్ నుంచి వచ్చిన కావ్య అనే వరి అలా తట్టుకునే రకం. సాంబ మసూరికి తినేవాళ్లలో పేరుంది గానీ ఉల్లికోడు ముందు నిలవదు. ఈ రెండింటినీ కలిపి జగిత్యాల దగ్గరి పొలాస కేంద్రంలో తీసిందే జగిత్యాల సన్నాలు. కలపడమంటే, ఒక్కో పువ్వు కొన కత్తిరించి, అందులోని ఆరు కేసరాలు తీసేసి, కాగితం తొడిగి, తెల్లారి వేరే రకం పుప్పొడి దులపడం. ఆ గింజల నుంచి రైతు చేతికి సంచి వచ్చేసరికి పదేళ్లకు అటూ ఇటూ పడుతుంది.

అంతా అయ్యాక కూడా ఈగ ఊరికే ఉండదు. మన దేశంలో గుర్తించిన ఉల్లికోడు తెగలు ఏడు. వరంగల్‌లో దొరికేది 4ఎం, గట్టి తెగ. వేరే చోట తట్టుకున్న రకం మా దగ్గర లొంగిపోవచ్చు. ఇక్కడి మడిలో ఇక్కడే లెక్కపెట్టాలి, ఏటా. అందుకే పరిశోధన కేంద్రాల్లో ఖాళీలు నింపలేదన్నా, మడులకు డబ్బులు ఆగాయన్నా నాకు కడుపులో మంట. ఒక్క వానాకాలం లెక్క తప్పితే ఆ ఏడాది తిరిగి రాదు.

మరుసటి ఏడు బాపు అరెకరంలో జగిత్యాల సన్నాలు వేశాడు. సాంబకు 150 రోజులు, దీనికి 125 చాలు. ఆలస్యమైనా పంట చేతికొస్తుందని ఆయన ధీమా. సెప్టెంబర్‌లో సెలవు పెట్టుకుని పోయి ఇరవై దుబ్బులు విడదీశాను. బాపు ఒడ్డు మీద కూర్చుని నా పాత పుస్తకంలో గీతలు పెట్టాడు. పద్నాలుగో దుబ్బులో ఒక గొట్టం.

"ఒక్కటే కద బిడ్డా, రాయాల్నా?"

"రాయి బాపూ."