ఇంకా నాలుగు ఛాన్సులున్నాయి

"అమ్మా, టెన్షన్ పడకు, ఇంకా నాలుగు ఛాన్సులున్నాయి" అంటుంది మా అమ్మాయి.

చదివేది పదకొండో క్లాసు. హైస్కూల్లో ఉంటూనే పక్కనున్న కాలేజీలో కాల్‌క్యులస్ తీసుకుంది. హోంవర్కంతా వెబ్‌వర్క్‌లోనే. అమెరికాలోని రోచెస్టర్ యూనివర్సిటీలో ఇద్దరు లెక్కల ప్రొఫెసర్లు 1990లలో తయారుచేసిన ఉచిత సాఫ్ట్‌వేర్ అది. లెక్క ఒకటే అయినా ఒక్కో పిల్లకి ఒక్కో అంకెలతో వచ్చేలా పెట్టొచ్చు, స్నేహితురాలి జవాబు ఎత్తి రాస్తే కుదరదు. ఎన్నిసార్లు ప్రయత్నించొచ్చన్నది మాత్రం పాఠం చెప్పేవాళ్ల ఇష్టం. వీళ్ల మేడమ్ ఐదు ఇచ్చారు.

ఐదా! నేను ఎంసెట్ రాసినదాన్ని. 160 ప్రశ్నలు, మూడు గంటలు, ఓఎంఆర్ షీటు మీద ఒక్కసారి చుక్క నింపామా, ఇక అంతే. (మైనస్ మార్కుల్లేవు కదాని ఆఖరి పది నిమిషాల్లో ఇంకీ పింకీ పాంకీ అనుకుంటూ ఎన్ని నింపానో దానికి ఇప్పటిదాకా చెప్పలేదు.)

ఒకరోజు పక్కన కూర్చుని చూశాను. మొదటి జవాబు తప్పు. ప్లస్ తీసి మైనస్ పెట్టింది, తప్పు. రెండుతో గుణించి చూసింది, అదీ తప్పే. నిమిషంలో మూడు ఖాళీ. రెండే మిగిలాయన్నాక గానీ కాగితం బయటికి రాలేదు. ఆ కాగితమేదో మొదటే తీస్తే ఏం పోయింది? రెండు ఛాన్సులు చాలు వీళ్లకి అనుకున్నాను.

మర్నాడే నా తీర్పు తిరగబడింది. కాగితం మీద లెక్క చక్కగా చేసింది, టైపు చేసేటప్పుడు ఒక బ్రాకెట్ మరిచింది. తప్పంది కంప్యూటరు. టైపు చేసింది కంప్యూటరుకి ఎలా అర్థమైందో చూపించే ప్రివ్యూ బటన్ నొక్కి ఉంటే తెలిసేది, ఛాన్సూ ఖర్చయ్యేది కాదు. పదహారేళ్ల పిల్ల ప్రివ్యూ నొక్కుతుందా?

నాలుగు ఆప్షన్ల ప్రశ్నకి మూడు ఛాన్సులిస్తే కళ్లు మూసుకున్నా 75 శాతం సందర్భాల్లో తగులుతుంది. అలాంటి వాటికి ఒక్కటి చాలు. జవాబు తనే కట్టి రాయాల్సిన లెక్కకి మాత్రం లెక్క పెట్టకుండా ఇవ్వొచ్చనే నాకిప్పుడు అనిపిస్తోంది.

ఆదివారం తెనాలికి ఫోన్ చేసినప్పుడు ఈ మాటే వచ్చింది. నాన్న రిటైరైన మాస్టారు. "ఐదుసార్లా? ఇక పిల్లకి భయమెక్కడుంటుందే?" అన్నారు. నాకు పలక గుర్తొచ్చింది. 'ళ' వంకర పోయినప్పుడల్లా తడిగుడ్డతో తుడిచి మళ్లీ దిద్దించేవారు. రాసిందాని మీదే రాయడమూ దిద్దడమే, తప్పు సరిచేయడమూ దిద్దడమే మనకి.

"మరి పలక మీద నాకెన్ని ఛాన్సులిచ్చారు నాన్నా?"

"అదీ ఇదీ ఒకటేనా? అప్పుడు నేను పక్కనే ఉన్నాగా."

అందుకని ఇంట్లో ఒక రూలు పెట్టాను. రెండు తప్పులయితే ల్యాప్‌టాప్ మూసి కాగితం పట్టుకుని నా దగ్గరికి రావాలి. ఏం చేసిందో తెలుగులో చెప్పాలి. డెరివేటివ్‌ని అవకలజం అంటారని నేర్పాను, పడీపడీ నవ్వింది.

నిన్న రాత్రి అలాగే వచ్చింది. కాగితం చూసి, ఇక్కడ గుర్తు మారాలి అని ధీమాగా చెప్పాను. వెళ్లి కొట్టింది. రెండు నిమిషాల తర్వాత గదిలోంచి కేక.

"అమ్మా, నీ ఛాన్సు కూడా పోయింది!"